పాటకు వెన్నెల తెచ్చుట

పాటను చెవితో విని మనసుతో చూచుటకు అలవడినవారు రేడియో శ్రోతలు. పెట్టెలోనుండి గొంతు వినవచ్చునేగాని, గాయని కట్టిన చీర రంగేమో, ఆమె నిలిచిన చోటెట్టిదో తెలియదు. అందువలన ఒకే పాట విని ఒంగోలులో నొకరు మామిడితోపును, కందుకూరులో మరియొకరు చెరువుగట్టును తలచుకొందురు. ఇరువురి బొమ్మలును సరియైనవే. దృశ్యగీతము, అనగా ఇప్పుడందరును మ్యూజిక్ వీడియో అనుచున్నది, ఈ స్వేచ్ఛను తీసివేసి పాటకు ఒక్క బొమ్మనే కట్టి అందరి కన్నులకును దానినే చూపును. కావున ఆ బొమ్మ కట్టువాని పూచీ చిన్నది కాదు. 1981 ఆగస్టు 1వ తేదీన అమెరికాలో ఎం.టి.వి. అను టెలివిజను ఛానలు ప్రారంభమైనప్పుడు మొట్టమొదట ప్రసారమైన దృశ్యగీతము పేరు ‘వీడియో కిల్డ్ ది రేడియో స్టార్’. రేడియో గాయకుని వీడియో చంపినదని దాని భావము. 40 ఏండ్లు దాటినను రేడియో చావలేదు; పాటయు చావలేదు. అయితే పాటకు బొమ్మ కట్టు పని మాత్రము మదరాసు, హైదరాబాదు స్టూడియోల గోడలు దాటి మన యిండ్లలోనికి వచ్చినది.

సింగరాయకొండ వంటి ఊరినే తీసికొందము. పడమట కందుకూరు దారి, నడుమ చెన్నై-విజయవాడ రైలుమార్గము, తూర్పున పాకల సముద్రతీరము, కొండపై వరాహ నరసింహస్వామి ఆలయము. ఇక్కడి యువకునకు కావలసిన కెమేరా అతని చొక్కా జేబులోని ఫోనుననే యున్నది. బొమ్మలను అతికి రంగులు దిద్దు సాఫ్టువేరు కొంత ఉచితముగనే లభించుచున్నది. ఇట్టివారు సాధారణముగా అడుగు ప్రశ్న, “ఏ కెమేరా కొనవలెను? ఏ సాఫ్టువేరు నేర్చుకొనవలెను?” అని. పంట మీది అప్పు తీరకముందే మరియొక అప్పు చేసి కెమేరా కొను ఇండ్లున్నవి గనుక ఈ ప్రశ్నకు తేలికగా బదులు చెప్పరాదు. మా ఉద్దేశములో మొదట అడుగవలసినది వేరు: ఈ పాటలో వెలుగు ఎటునుండి వచ్చును? ఇది తెలిసినవానికి చౌక కెమేరాయు పనిచేయును. తెలియనివానికి లక్షల ఖరీదు చేయు యంత్రమైనను మేలు చేయజాలదు.

దీనికి తెలుగువారి యింట సాక్ష్యము కలదు. 1957 మార్చి 27వ తేదీన విడుదలయైన విజయా వారి ‘మాయాబజార్’ చూడనివారు అరుదు. కె.వి. రెడ్డి దర్శకుడు, మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రాహకుడు, మాధవపెద్ది గోఖలే, కళాధర్ కళాదర్శకులు. అందులోని ‘లాహిరి లాహిరి’ పాటను ఘంటసాల, పి. లీల పాడిరి. పడవపై మొదట శశిరేఖాభిమన్యులు, పిమ్మట రుక్మిణీకృష్ణులు, చివరకు రేవతీబలరాములు కనబడుదురు. నీటిపై తళుకు, ముఖములపై చల్లని వెలుగు. చూచువారికి అది పండువెన్నెల. కాని అందు చంద్రుని వెలుగు చుక్కయైనను లేదు. పున్నమినాటి వెన్నెల ఎండకంటె సుమారు 4 లక్షల రెట్లు తక్కువ. కదలు బొమ్మను అంత మసకవెలుగులో పట్టుశక్తి ఆనాటి ఫిలిమునకు లేదు. కనుక బార్ట్లీ వెన్నెలను పట్టలేదు, చేసెను. ఏ దీపము నెక్కడ నుంచవలెను, దేనికి ఏమి అడ్డము పెట్టవలెను, ఎంత చీకటిని చీకటిగానే వదలవలెను అను లెక్క యంతయు చిత్రీకరణమునకు ముందే ముగిసినది. ఫిలిము కడిగిన తరువాత దిద్దుటకు అంతగా వీలులేని కాలమది.

ఆ చిత్రములోనే ‘వివాహభోజనంబు’ కూడ కలదు. మాధవపెద్ది సత్యము గొంతునకు ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడై నోరు కదపగా, వంటకములు తమంతట తామే కదలి ఆయన నోటికి వచ్చును. దానిని చూచి పిల్లలు నేటికిని చప్పట్లు కొట్టుదురు. ‘అహ నా పెళ్ళియంట’ అను పాటలోని మాయ అంతకంటె గొప్పదని మేమందుము. శశిరేఖ వేషములోనున్నది ఘటోత్కచుడు. ఆ మాట మరచి ఒక్కొక్కమారు ఆడుదాని నడకలోనికి రాక్షసుని ఠీవి చొరబడును. సుశీల గొంతు నడుమ ఘంటసాల గొంతు వినబడును. అక్కడ యంత్రము చేసిన పని స్వల్పము, సావిత్రి భుజములు, కనుబొమలు చేసిన పని యెక్కువ. విజువల్ ఎఫెక్ట్స్ అనగా కంప్యూటరు చేయునది మాత్రమేయని తలచువారు ఈ పాటను మరియొకమారు చూడవలెను.

ఇప్పుడు పాకల తీరమున వెన్నెల పాట తీయదలచినవాని సంగతి చూతము. నేటి కెమేరాలు నిజమైన వెన్నెలలోను బొమ్మ పట్టగలవు. కాని పట్టిన బొమ్మ చూచినవారు నిరాశపడుదురు. ఎక్కువసేపు వెలుగు త్రాగిన బొమ్మలో ఆకాశము నీలముగను, ఇసుక పసుపుగను కనబడి పట్టపగలువలె నుండును. తప్పు కెమేరాది కాదు. చంద్రునిది యెరవు తెచ్చుకొన్న ఎండయే. వెలుగు సన్నగిల్లినప్పుడు మన కంటికి ఎరుపు ముందుగా మాసిపోయి నీలపు ఛాయలు మిగులును. దీనిని 19వ శతాబ్దమున పుర్కిన్యే అను చెకు శాస్త్రజ్ఞుడు గమనించెను. అందువలన వెన్నెల మనకు చల్లగా, నీలిగా తోచును. కెమేరాకు ఆ గుణము లేదు గనుక బార్ట్లీ చేసినట్లే మనమును దానిని చేయక తప్పదు.

చేయు ఉపాయము పంచాంగములో నున్నది. పున్నమికి ముందునాడు, అనగా శుద్ధ చతుర్దశినాడు, సూర్యాస్తమయమునకు కొంత ముందుగనే చంద్రుడు సముద్రముపై లేచియుండును. సూర్యుడు పడమట దిగిన పిమ్మట మన ప్రాంతమున సంజవెలుగు సుమారు 20 నిమిషములు నిలుచును. ఆ కొద్ది వ్యవధిలో చంద్రబింబపు కాంతియు, తీరమున నిలిచిన మనిషిపై వెలుగును ఇంచుమించు సరితూగును. అంతకు ముందైన చంద్రుడు వెలవెలబోవును. తరువాతనైన బింబము తెల్లని మచ్చగా మారి మనుష్యులు నల్లబడుదురు. బొమ్మను ఒకింత చీకటిగా తీసి, రంగును ఒకింత నీలమునకు త్రిప్పినచో వెన్నెల సిద్ధము. ఫోనులో చంద్రుడు గోరంతయే కనబడును. బింబపు వెడల్పు ఆకాశములో అర డిగ్రీ మాత్రమే. అది చాలక కొందరు సాఫ్టువేరులో బండిచక్రమంత చంద్రుని తెచ్చి అతికెదరు. అతుకుట తప్పు కాదు. కాని చంద్రుడు గాయని వెనుకనుండగా, ఆమె ముఖముపై ఎదుటినుండి దీపము వెలుగుచు, నీడ చంద్రునివైపే పడుచుండును. పల్లెటూరి ముసలమ్మకైనను ఈ బొమ్మలో నేదో పొసగలేదని తోచును, కారణము మాత్రము చెప్పలేదు. వెనుక చంద్రుడున్నచో వెంట్రుకల అంచున వెలుగుండవలెను, ముఖము ఛాయలో నుండవలెను. దీనిని చిత్రీకరణమునాడే అమర్చుకొనవలెను. తరువాత దిద్దబోయినచో రోజులు గడచును, ఫలితము దక్కదు.

మరియొక చిక్కు. సాధారణమైన వీడియోలో ఒక్కొక్క రంగునకు 256 మెట్లే యుండును. రాత్రి ఆకాశము నలుపునుండి నీలమునకు మెల్లగా మారుచోట ఆ మెట్లు చాలక చారలు కనబడును. కొంచెము మేలైన కెమేరాలలోను, కొన్ని ఫోనులలోను 1024 మెట్ల పద్ధతి యున్నది. కెమేరాకు డబ్బు వెచ్చింపవలసియున్నచో ఈ గుణమునకు వెచ్చించుట మంచిది. పెట్టెపై పెద్ద అక్షరములతో అచ్చువేయు మెగాపిక్సెళ్ళకు కాదు.

ఇక కాలము సంగతి. 1932లో ‘భక్త ప్రహ్లాద’ తీసిన నాడు నటులు కెమేరా యెదుటనే పాడవలసివచ్చినది. ప్లేబ్యాకు పద్ధతి వచ్చిన పిమ్మట పాట ముందు, బొమ్మ వెనుక అయినది. దృశ్యగీతములో బొమ్మ తాళమునకు లోబడవలెను. టెలివిజను పద్ధతిని సెకనునకు 25 బొమ్మలు తీయుచున్నామనుకొనుడు. పాట నిమిషమునకు 100 దరువులతో నడచినచో ఒక్కొక్క దరువునకు సరిగా 15 బొమ్మలు వచ్చును. ఒక దృశ్యమునుండి మరియొక దృశ్యమునకు మారు కోతను ఈ 15వ బొమ్మ దగ్గర వేసినచో చూచువాని తల తానే ఊగును. రెండు మూడు బొమ్మలు తప్పినచో వాద్యగాడు తాళము తప్పినట్లే యుండును. ఎప్పుడును దరువుమీదనే కోయవలెనని కాదు. ఎక్కడ తప్పించుచున్నామో తెలిసి తప్పింపవలెను.

కలలోవలె అంగవస్త్రము నెమ్మదిగా తేలుచు, పెదవులు మాత్రము పాటతో సరిపడు దృశ్యములను చాలమంది చూచియుందురు. దాని రహస్యము సులువు. పాటను రెట్టింపు వేగముతో వినిపించి, గాయకుని అంత వేగముగను పాడినట్లు నటింపజేసి, సెకనునకు 50 బొమ్మలు తీసి, వానిని 25 చొప్పున చూపుదురు. దేహము మెల్లగా కదలును, పెదవి పాటకు అందును. అభ్యాసము చేయువాడు మాత్రము మొదటిరోజు నవ్వులపాలగును.

విద్యుద్దీపముల క్రింద మరియొక జాగ్రత్త కావలెను. మన యిండ్లకు వచ్చు కరెంటు సెకనునకు 50 మారులు ఊగును. రేడియోలో ఒక్కొక్కప్పుడు వినబడు గుయ్యిమను రొద దాని బంధువే. దానివలన కొన్ని దీపములు సెకనునకు 100 మారులు మినుకుమినుకుమనును. కంటికి అది తెలియదు, కెమేరాకు తెలియును. బొమ్మ యొక్కింటికి సెకనులో 50వ వంతో 100వ వంతో వెలుగు తగులునట్లు అమర్చినచో ఆ మినుకు పోవును. ఆ సంఖ్యలు ఫోనులోనే మార్చుకొనవచ్చును, ఖర్చేమియు లేదు. అట్లే సింగరాయకొండ స్టేషనులో కదలుచున్న రైలు కిటికీనుండి తీసినప్పుడు స్తంభములన్నియు వాలిపోయినట్లు వచ్చును. చాలా కెమేరాలు బొమ్మను ఒక్కసారిగాగాక పైవరుసనుండి క్రిందివరుసవరకు చదువుకొనుచు పోవును. క్రిందికి వచ్చునప్పటికి స్తంభము జరిగిపోవును. వేగముగా త్రిప్పు కెమేరా చలనములు ఇట్టి యంత్రములకు గిట్టవు.

గాయనిని ఒకచోట తీసి మరియొకచోట నిలుపుట పూర్వము నల్లని మూతలతో చేసిరి. కటకములో సగము మూసి ఫిలిము నడిపి, వెనుకకు త్రిప్పి, మిగిలిన సగము తెరచి మరల నడుపుదురు. ద్విపాత్రాభినయములు అట్లే వచ్చినవి. ఇప్పుడు ఆ మూతపని ఆకుపచ్చ తెర చేయుచున్నది. కంప్యూటరు ఆకుపచ్చనైన చోటునంతను తీసివేసి అక్కడ వేరు దృశ్యమును పరచును. పచ్చయే ఎందుకనగా మనిషి చర్మములో ఆ రంగు తక్కువ. పైగా కెమేరాలో వెలుగు నందుకొను గళ్ళలో ఎరుపునకు ఒకటి, నీలమునకు ఒకటి ఉండగా పచ్చకు రెండుండును. ఈ అమరికను 1970-80 దశకమున కొడాక్ సంస్థలోని బ్రైస్ బేయర్ కల్పించెను. మిరపపంట ఊళ్ళవారు దీనిని గుర్తుంచుకొనవలెను. ఎండుమిరప కల్లము నేపథ్యముగా అతికినచో బాగుగ నుండును. కాని గాయని చిలుకపచ్చ రవిక తొడిగినచో రవిక మాయమై కల్లము కనబడును! పచ్చిమిరప మొక్క చేత పట్టుకొన్నను అంతే. తెరకును మనిషికిని 8, 10 అడుగుల ఎడముంచనిదే పచ్చదనము చెంపలపై ప్రతిఫలించును. ముడుతలు లేకుండ కట్టి, తెర యంతయు సమముగా వెలుగునట్లు చూడవలెను. సామాన్యమైన ఫోను వీడియోలో నాలుగు చుక్కలకు కలిపి ఒక్క రంగునే దాచుకొనును గనుక జడకుచ్చుల దగ్గర అంచు రంపపుపళ్ళవలె వచ్చును. కొంగు, జడ గాలికెగురు పాటకు ఈ పద్ధతి అంత తగినది కాదు.

సాఫ్టువేరులో జరుగు పనిలో మూడువంతులు ఓర్పే. 4 నిమిషముల పాట అనగా 6000 బొమ్మలు. తెర లేకుండ తీసిన మనిషి అంచును చేతితో గీయవలసివచ్చినచో బొమ్మవెంట బొమ్మ సాగవలెను. కెమేరా కదలుచు తీసిన దృశ్యములో కొత్తవస్తువును నిలుపుటకు, బొమ్మలోని కొన్ని గుర్తులు ఎట్లు జరిగినవో కంప్యూటరు లెక్కించి కెమేరా నడచిన దారిని కనుగొనును. నేర్చుకొనదలచినవారికి బ్లెండర్ అను సాఫ్టువేరు కలదు. నెదర్లాండ్సు దేశీయుడు టోన్ రోజెండాల్ ప్రారంభించిన దీనిని 2002లో అందరికిని ఉచితముగ విడిచిరి. రంగులు దిద్దుటకు డావిన్చీ రిజాల్వ్ యొక్క ఉచితరూపము చాలును. పెద్దచిత్రములవారి మార్గము వేరు. 1995లో ‘అమ్మోరు’, 2012లో ‘ఈగ’ మన ప్రేక్షకులకు కంప్యూటరు బొమ్మలను అలవాటు చేసినవి. ఒకప్పుడు నటుల వెనుక తెరపై దృశ్యమును వేసి తీయు పద్ధతి స్టూడియోలలో నుండెడిది. అదియే నేడు పెద్ద ఎల్.ఇ.డి. గోడయై తిరిగివచ్చినది, హైదరాబాదులోని అన్నపూర్ణ స్టూడియోలో ఇట్టి వేదిక కలదు. గోడలోని వెలుగు గాయకుని ముఖముపై నిజముగనే పడును గనుక, పైన చెప్పిన చంద్రుని చిక్కు అక్కడ చాలవరకు తీరును.

ఇంత సామగ్రి యున్నవారును పాటను తీయునప్పుడు దేహమునే నమ్ముకొందురనుటకు ‘నాటు నాటు’ నిదర్శనము. కీరవాణి సంగీతము, చంద్రబోస్ సాహిత్యము గల ఆ పాటను 2021లో ఉక్రెయిను రాజధాని కీవ్ నగరమున మరియిన్‌స్కీ ప్రాసాదము ఎదుట తీసిరి. 2023 మార్చిలో దానికి ఆస్కారు బహుమానము వచ్చినది. ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రమునిండ గ్రాఫిక్సు పనితనముండగా, ఆ పాటలో లోకము గుర్తుంచుకొన్నది మాత్రము ప్రేమ్ రక్షిత్ కూర్చగా ఇద్దరు మనుష్యులు ఒక్క కాలుగా వేసిన అడుగులను.

ఇక మన పొలములలోని పాటల మాట. పత్తితీతలోను, మిరపకోతలోను స్త్రీలు పాడుకొను పాటలు పెక్కు ఇంకను ఎక్కడను నమోదు కాలేదు. పాడువారు వృద్ధులగుచున్నారు. ఫోను పట్టుకొని పోయిన యువకుడు వానిని కాపాడవచ్చును, పాడుచేయను వచ్చును. మిరపచేను స్థానమున స్విట్జర్లాండు మంచుకొండ నతికినచో, పాటలోని మాటలకు చోటు తప్పును. వంగిన నడుము, బుట్ట, వరుస కదలు తీరు, ఇవియే ఆ పాట తాళమునకు పుట్టిల్లు. 2010లో ‘మాయాబజార్’ను కంప్యూటరుతో రంగులలోనికి మార్చి విడుదల చేసినప్పుడు రంగు మెచ్చినవారున్నారు, నలుపు తెలుపులే మేలన్నవారున్నారు. వాదము ఎట్లున్నను పోల్చిచూచుటకు మూలచిత్రము మిగిలియున్నది. చేనిలోని పాటకు మూలము ఒక్కమారు తీసిన ఆ వీడియోయే కావచ్చును. అందుచేత ఏ మాయయు కలపని ప్రతి నొకదానిని విడిగా దాచి, ఊరు, తేదీ వ్రాసియుంచవలెను. పాడిన ఆమె అనుమతి ముందుగా కోరవలెను. ఆమె ఇష్టపడినచో పేరు వేయవలెను. డబ్బు వచ్చినచో ఆమెకును పాలుండవలెను. సినిమాపాటలకైతే 2012 నాటి కాపీరైటు చట్టసవరణ వలన రచయితలకును సంగీతకర్తలకును రాబడిలో వాటా స్థిరపడినది. పొలములోని ముసలమ్మకు అంత స్పష్టమైన అండ లేదు. తీయువాని మర్యాదయే ఆమెకు మిగిలినది.

గొంతును మాత్రము కెమేరాకు వదలరాదు. ఫోను పది అడుగుల దూరమున నున్నచో పాటకంటె గాలియే ఎక్కువగా వినబడును. సముద్రమునకు దగ్గరి ఊళ్ళలో పొద్దెక్కిన కొలది తూర్పుగాలి లేచును. కనుక తెల్లవారగనే, గాలి లేవకముందు, చిన్న మైకునకు గుడ్డ చుట్టి పాడు ఆమె రొమ్ముదగ్గర నుంచి, పాటను మొదట చివరివరకు ఒక్కమారు ధ్వనిగా మాత్రమే పట్టవలెను. దానిని ఇంటికి తెచ్చి, కనులు మూసికొని వినవలెను. మాట మాటయు తెలిసినచో మరునాడు కెమేరా తీసికొని పోవచ్చును.